మోటార్‌సైకిల్ తోలు గ్లౌజులు

మోటార్‌సైకిల్ నడిపేటప్పుడు వేసుకునే తోలు చేతి తొడుగులను వాడుకలో రైడింగ్ గ్లౌజులు, లెదర్ గ్లౌజులు అంటారు. హ్యాండిల్ మీద పట్టు జారకుండా చూడటం, ఎండ, చలి, ఎగిరొచ్చే కంకర నుంచి చేతిని కాయడం వీటి రోజువారీ పని. బండి పడిపోయినప్పుడు అరచేతిని, వేళ్ళను, మణికట్టును కాపాడటం వీటి అసలు పని. వెల్డింగు, లోడింగు పనుల్లో వాడే తోలు గ్లౌజులు చూడటానికి ఇలాగే ఉన్నా తోలు ఎంపికలో, కుట్టులో, పరీక్షల్లో పూర్తిగా వేరు.

వీటి మన్నికను రెండు రకాలుగా లెక్కవేయాలి. ఒకటి ఏళ్ళ తరబడి వాడకంలో తేలేది: చెమట, వాన, ఎండ, లివర్ల రాపిడి తట్టుకుని తోలు పగలకుండా, కుట్లు ఊడకుండా ఎంతకాలం ఉంటుంది? రెండోది ఒకే ఒక్కసారి, రెండు మూడు సెకన్లలో తేలిపోయేది: రోడ్డు మీద ఈడ్చుకుపోతున్నప్పుడు గ్లౌజు చేతికే ఉందా, చిరగకుండా ఉందా? ఈ రెండూ ఎప్పుడూ కలిసి రావు. ఒంటిపొర మెత్తటి తోలుతో కుట్టిన గ్లౌజు పదేళ్ళు వాడినా చెక్కుచెదరకపోవచ్చు, మొదటి పడటంలోనే అరచేతి కుట్టు విచ్చుకోవచ్చు. పందేల కోసం చేసిన బరువైన గ్లౌజు పడినప్పుడు బాగా కాపాడుతుంది. రోజూ ఆఫీసుకు వేసుకుంటే ఏడాదిలోనే దాని అస్తరు చివికిపోవచ్చు. దుకాణంలో కొనేవాళ్ళు చూసేది మాత్రం ఎక్కువగా ఈ రెండూ కాదు, పిడికిలి మీద మెరిసే గట్టి చిప్పని. గ్లౌజు నాణ్యత బయటపడేది అరచేతి వైపు, వేళ్ళ సందుల్లో, మణికట్టు పట్టీ దగ్గర.

పడినప్పుడు చేతికి జరిగేది

పడబోతున్నామని తెలియగానే చేతులు వాటంతటవే ముందుకు చాచుకుంటాయి. ఆలోచించి చేసేది కాదు, అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఆపుకోగలిగేది కాదు. అందుకే తొలి దెబ్బ చాలాసార్లు అరచేతికి తగులుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 16.7 మీటర్లు. పొడి తారు మీద ఒంటికీ రోడ్డుకీ మధ్య ఘర్షణ గుణకం 0.6 అనుకుంటే, ఆ వేగంలో పడ్డ మనిషి ఆగేలోపు సుమారు 24 మీటర్లు జారతాడు. దానికి పట్టే సమయం మూడు సెకన్లకు కాస్త తక్కువ. గంటకు 60 అంటే హైవే వేగం కూడా కాదు. అంతసేపూ అరచేయి రోడ్డుకు ఆనే ఉంటుందని కాదు గానీ, ఆనినంతసేపూ ముందు తోలు, తర్వాత దాని కిందిది అరుగుతూ పోతాయి.

అరిగిన చర్మం మళ్ళీ వస్తుంది. ఎక్కువకాలం ఏడిపించేది మణికట్టు. చేతిలో ఉండే 27 ఎముకల్లో ఎనిమిది మణికట్టువే. బొటనవేలిని వెనక్కి గట్టిగా చాపి చూస్తే దాని మొదట్లో, రెండు స్నాయువుల నడుమ చిన్న గుంట పడుతుంది. ఆ గుంట అడుగున ఉండేది స్కాఫాయిడ్ అనే ఎముక. చాచిన అరచేయి నేలను తాకి అక్కడే పట్టుకుపోతే, ఒళ్ళు మాత్రం ముందుకు సాగుతుంది. మణికట్టు వెనక్కి విరుచుకుపోతుంది. ఆ భారం పడి మణికట్టులోని ఎనిమిది ఎముకల్లో ఎక్కువగా విరిగేది ఈ చిన్న ఎముకే. దీనికి రక్తం ప్రధానంగా వేళ్ళ వైపు నుంచి అందుతుంది కాబట్టి, నడుమ విరిగితే మణికట్టు వైపు ముక్కకు రక్తం అందక అది నిర్జీవమైపోయే ప్రమాదం ఉంది. తొలి ఎక్స్‌రేలో విరుపు కనబడకపోవడమూ మామూలే. బెణుకు అనుకుని వదిలేసినవాళ్ళు నెలల తర్వాత మళ్ళీ ఆసుపత్రికి వస్తారు.

ఇక్కడే తోలుకున్న ఒక లోపం తెలుస్తుంది. తోలు అరుగుదలను బాగా తట్టుకుంటుంది గానీ రోడ్డును పట్టుకుంటుంది కూడా. మెత్తటి తోలు పొర మీద పొర వేసి అరచేతి మొదలును ఎంత మందం చేసినా పట్టుకునే గుణం పోదు. అందువల్ల మంచి గ్లౌజుల్లో ఆ చోట నున్నటి గట్టి ప్లాస్టిక్ బిళ్ళలు అమరుస్తారు. వీటిని స్లైడర్లు అంటారు. చేయి పట్టుకుపోకుండా రోడ్డు మీద జారిపోవడానికే ఇవి. బ్రిటన్‌కు చెందిన నాక్స్ కంపెనీ స్కాఫాయిడ్ రక్షణ పేరుతో ఈ అమరికను బాగా ప్రచారంలోకి తెచ్చింది. స్పోర్ట్స్ గ్లౌజుల్లో ఇప్పుడు చాలా కంపెనీలు ఏదో ఒక రూపంలో దీన్ని వాడుతున్నాయి. పిడికిలి చిప్ప, అరచేతి స్లైడరు, ఈ రెంటిలో ఒక్కటే దొరికే ధరలో కొనాల్సి వస్తే స్లైడరు ఉన్నదే కొనుక్కోవడం మేలు.

చిటికెన వేలిది వేరే కథ. అన్నిటికీ బయటి వైపు ఉండటంతో అది రోడ్డుకు తగిలి పక్కకు మెలిపడుతుంది. పందేల గ్లౌజుల్లో చిటికెన, ఉంగరపు వేళ్ళను కలుపుతూ చిన్న తోలు వంతెన కుట్టడానికి కారణం ఇదే. వేసుకున్న కొత్తలో ఇబ్బందిగా ఉంటుంది, రెండు రోజుల్లో అలవాటైపోతుంది. చిటికెన వేలి పక్కన, దాని కింద అరచేతి అంచున రెండో పొర తోలు ఉందా లేదా అన్నది కొనేముందు తప్పకుండా చూడాల్సిన విషయం.

తోలు రకాలు

పశువు చర్మాన్ని అడ్డంగా కోసి చూస్తే పైన సన్నని నారలు దట్టంగా అల్లుకున్న పల్చని పొర ఉంటుంది. దీన్ని తోళ్ళ వ్యాపారంలో గ్రెయిన్ అంటారు. దాని కింద లావు నారలున్న మందపాటి పొర. బలం ఎక్కువగా కింది పొరది, నీటికీ రాపిడికీ తొలి అడ్డు పై పొరది. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న తోలే ఫుల్ గ్రెయిన్. ఆవు తోలు గ్లౌజుకు పనికిరానంత మందంగా ఉంటుంది కనుక యంత్రంతో దాన్ని పొరలుగా చీలుస్తారు. పై పొరతో ఉన్న ముక్క ఖరీదైనది. అడుగు నుంచి వచ్చిన ముక్కను స్ప్లిట్ అంటారు. దానికి రంగు, ప్లాస్టిక్ పూత వేసి, గీతలు అచ్చొత్తి అసలు తోలులా అమ్మడం చాలాకాలంగా సాగుతున్న పద్ధతే. తోలు కాదని దానిని అనలేం, గానీ అదే మందంలో ఉన్న ఫుల్ గ్రెయిన్ అంత బలం దానికి రాదు.

గ్లౌజుల్లో ఎక్కువగా వాడేవి ఆవు, మేక తోళ్ళు; మందం మామూలుగా 0.8 నుంచి 1 మిల్లీమీటరు. రేసింగ్ సూట్లకు వాడే 1.2 నుంచి 1.4 మిల్లీమీటర్ల తోలుతో వేళ్ళు కుడితే క్లచ్ పట్టుకోవడమే కష్టం. మేక తోలు నార సన్నగా, బిగువుగా ఉంటుంది. పల్చగా ఉన్నా చిరుగుడును బాగా తట్టుకుంటుంది, వేళ్ళకు త్వరగా అలవాటవుతుంది. రోజూ నడిపేవాళ్ళకు నా ఓటు దీనికే. అయితే అరచేతి వైపు రెండో పొర తప్పనిసరి. ఆవు తోలు మొదట్లో బిర్రుగా ఉంటుంది. మెత్తబడటానికి కొన్ని వారాలు పడుతుంది, అదే మందంతో అదే ధరలో రాపిడికి బాగా నిలుస్తుంది. గేదె తోలు మన దేశంలో పుష్కలం. దాని నార ముతక. చెప్పులకు, బూట్లకు బాగా పనికొచ్చే ఈ తోలు, వేళ్ళకు కావలసినంత పల్చగా చీలిస్తే పట్టు వదులుతుంది. గొర్రె తోలు అన్నిటికంటే మెత్తన, అన్నిటికంటే త్వరగా చిరుగుతుంది. ఫ్యాషన్ గ్లౌజులకు తప్ప బండికి పనికిరాదు.

పందేల గ్లౌజుల్లో పేరు పడింది కంగారూ తోలు. ఆవు తోలులో నారలు కొబ్బరి పీచులా అన్ని దిక్కులకూ పెనవేసుకుని, పైకీ కిందికీ పోతుంటాయి. కంగారూ తోలులో అవి చర్మానికి సమాంతరంగా, ఒకే తీరుగా పరుచుకుని ఉంటాయి. అందుకే దాన్ని బాగా పల్చగా చీల్చినా బలం పెద్దగా తగ్గదు. పల్చని తోలు వల్ల బ్రేకు లివరు మీద వేలికి తెలిసే స్పర్శ మిగులుతుంది. పందెంలో అది చాలా విలువైనది. ఆస్ట్రేలియాలో అడవి కంగారూలను వేటాడి తెచ్చే తోలు కావడంతో దీనిపై జంతు సంక్షేమ వాదుల అభ్యంతరాలున్నాయి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం దీని అమ్మకాన్ని నిషేధించింది. అమెరికాలోనే దూరప్రయాణాల వారికి జింక, ఎల్క్ తోళ్ళ గ్లౌజులంటే ఇష్టం. ఇవి తడిసి ఆరాక కూడా మెత్తగానే ఉంటాయి, కాకపోతే కాలంతో పాటు సాగుతాయి. మన అడవి జింకల తోలు వ్యాపారం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నిషిద్ధం.

దుకాణాల్లో పీయూ లెదర్ అని రాసి ఉండేది తోలు కాదు. బట్ట మీద పాలీయురెతేన్ పూత. పాత రెక్సిన్‌కు కొత్త రూపం అనుకోవచ్చు. తేమకు ఆ పూత రసాయనికంగా విడిపోయి పొలుసులుగా రాలుతుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీరప్రాంతాల్లో వాడకుండా దాచి ఉంచినా రాలవచ్చు. కఫ్ అంచును తిరగేసి కోసిన చోట చూస్తే అసలు తోలు తెలిసిపోతుంది: మందమంతా నారగానే కనిపిస్తుంది. పైన సన్నని ప్లాస్టిక్ గీత, కింద నేత బట్ట కనిపిస్తే పక్కన పెట్టేయవచ్చు. బొటనవేలితో నొక్కితే ఫుల్ గ్రెయిన్ తోలు మీద చుట్టూ సన్నని ముడతలు పుట్టి, వదలగానే మాయమవుతాయి. మందపాటి పూత ఉన్న స్ప్లిట్ మీద గుంట మాత్రమే పడుతుంది. రంధ్రాలు, గీతలు మరీ ఒకే తీరుగా ఉంటే అవి అచ్చొత్తినవే.

పదును

పచ్చి చర్మాన్ని కుళ్ళిపోని తోలుగా మార్చడమే పదును చేయడం. దక్షిణ భారతంలో దీనికి తరతరాలుగా వాడింది తంగేడు చెక్క, కరక్కాయ. తెలంగాణ రాష్ట్ర పుష్పంగా, బతుకమ్మలో మొదటి వరుసగా అందరికీ తెలిసిన తంగేడు, తోళ్ళ లందలో మరో జీవితం గడిపింది. దాని బెరడులోని టానిన్ చర్మపు నారలకు పట్టుకుని వాటిని నిలబెడుతుంది. మాదిగ వృత్తికారులు ఇలా పదును చేసిన తోలుతోనే చెప్పులు, మోట బొక్కెనలు తయారయ్యేవి. మద్రాసు నుంచి విదేశాలకు పోయిన ఈస్ట్ ఇండియా కిప్స్ అనే సగం పదును తోళ్ళకూ తంగేడు చెక్కే ఆధారం. ఈ తోలు గట్టిగా, ఆకారం నిలిచేలా ఉంటుంది. బెల్టుకు, సంచికి అది గుణం. వేళ్ళు మడవాల్సిన గ్లౌజుకు దోషం.

గ్లౌజుల తోలు దాదాపు అంతా క్రోమియం లవణాలతో పదును చేసినదే. అమెరికాలో ఆగస్టస్ షుల్ట్జ్ 1884లో పేటెంట్ పొందిన పద్ధతితో ఇది పరిశ్రమగా నిలబడింది. మన దగ్గర మద్రాసులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 20వ శతాబ్దపు తొలి ఏళ్ళలో దీని మీద ప్రయోగాలు చేయించాడు. నీళ్ళలో నానినా త్వరగా చెడని ఆ తోలును తొలినాళ్ళలో వాడి చూసిన వస్తువుల్లో మోట బావుల బొక్కెనలు ఉన్నాయి. తడికీ చెమటకూ తట్టుకునే ఈ గుణమే నేడు గ్లౌజుకు కావలసింది. చెక్క పదును తోలు సుమారు 75 నుంచి 85 డిగ్రీల తడి వేడికే ముడుచుకుపోతే, మంచి క్రోమ్ తోలు నీళ్ళు మరిగే వేడిని కూడా తట్టుకుంటుంది.

క్రోమ్ తోలుకు ఒక చిక్కుంది. తోలులో ఉండే మూడు వేలెన్సీ క్రోమియం పెద్దగా హాని చేయదు. పదును, ముగింపు పనుల్లో జాగ్రత్త తప్పితే అందులో కొంత ఆరు వేలెన్సీ రూపంలోకి మారుతుంది. అది చర్మానికి అలర్జీ తెస్తుంది. చర్మానికి తగిలే తోలు వస్తువుల్లో దీని మోతాదు కిలోకు 3 మిల్లీగ్రాముల లోపే ఉండాలని యూరోపియన్ యూనియన్ 2015 మే నుంచి నిబంధన పెట్టింది. చవక గ్లౌజు వేసుకున్న కొద్ది రోజులకు చేతుల మీద ఎర్రగా దద్దుర్లు వస్తే, చెమటపొక్కులు అనుకోకుండా గ్లౌజును కూడా అనుమానించాలి.

మేక తోలులో సహజంగా లానోలిన్ ఉంటుందని, అందుకే అది మెత్తగా ఉంటుందని ప్రకటనల్లో తరచూ కనిపిస్తుంది. లానోలిన్ గొర్రె ఉన్నిలోని జిడ్డు. పైగా సున్నంలో నానబెట్టి, కొవ్వు తీసే దశల్లో చర్మంలోని సహజమైన జిడ్డు చాలామటుకు పోతుంది. తోలును మెత్తబరిచేది ఆ తర్వాత టానరీలో పట్టించే నూనెలే. ఏ జంతువు తోలన్నది ఎంత ముఖ్యమో, ఆ చివరి నూనెల పని ఎంత బాగా చేశారన్నదీ అంతే ముఖ్యం.

కుట్టు

రోడ్డు మీద ముందు ఓడిపోయేది తోలు కాదు, దారం. కుట్టు బయటికి తేలి ఉంటే మొదటి మీటరులోనే దారం తెగి, తోలు ముక్కలు చిరగకుండానే విడిపోతాయి. అందుకే అరచేతి వైపు, వేళ్ళ కొసల్లో దారం రోడ్డుకు తగలకుండా లోపలికి మడిచి కుట్టాలి, లేదా పైన మరో తోలు పొర దాన్ని కప్పాలి. లోపలి కుట్టుకు ఇబ్బంది లేకపోలేదు: ఆ మడత వేలి కొసకు గుచ్చుకుంటుంది. వేళ్ళ కొసల్లో హాయి కోసం కుట్టును బయట పెట్టే కంపెనీలూ ఉన్నాయి. అలాంటప్పుడు కనీసం పక్కనే రెండో వరస కుట్టు ఉండాలి.

దారం విషయంలో కెవ్లార్ పేరు ఎక్కువ వినిపిస్తుంది. 1965లో డ్యూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ పరిశోధన నుంచి పుట్టిన ఈ అరామిడ్ నార వేడికి కరగదు, లాగుడుకు చాలా గట్టిది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు మాత్రం మెల్లగా బలం కోల్పోతుంది. బండి మీద ఎండలో వదిలేసే గ్లౌజుకు ఇది చిన్న విషయం కాదు. పూత పట్టించిన మంచి నైలాన్, పాలిస్టర్ దారాలు రోజువారీ వాడకానికి సరిపోతాయి. దారం పేరు కంటే ముందు కుట్టు నేర్పు చూడాలి. సెంటీమీటరుకు మూడు నాలుగు కుట్లు, ఒకే ఎడంతో ఉండాలి. రెండు ముక్కలను చెరో చేత్తో లాగితే సూది రంధ్రాలు నోళ్ళు తెరవకూడదు. కుట్లు మరీ దగ్గరగా ఉన్నా మంచిది కాదు, తపాలా బిళ్ళల వరసకు వేసిన చిల్లుల్లా తోలు ఆ గీత వెంటే చిరుగుతుంది.

వేళ్ళ పక్కల కుట్టే సన్నని నిలువు ముక్కలు కూడా తోలువే ఉండాలి. ఖర్చు తగ్గించడానికి చాలామంది అక్కడ సాగే బట్ట వాడతారు. చేయి నేలకు పక్కవాటుగా ఆనితే ఆ బట్ట ఒక్క క్షణం కూడా ఆగదు. పిడికిలి చిప్ప టీపీయూ ప్లాస్టిక్‌తో గానీ కార్బన్ ఫైబర్‌తో గానీ ఉంటుంది. గట్టిదనం కంటే దాని కింద నురుగు మెత్త ఉందా, మొత్తం చిప్ప పిడికిలితో పాటు కదులుతుందా అన్నవి ముఖ్యం. మెత్త లేని గట్టి చిప్ప దెబ్బను అలాగే ఎముకకు చేరవేస్తుంది.

మణికట్టు పట్టీ గురించి ఒక్కమాట. జారిపోయిన గ్లౌజు ఎంత గట్టిదైనా ఉపయోగం లేదు. కఫ్ అంచున ఒక వెల్క్రో మాత్రమే ఉంటే సరిపోదు. మణికట్టు ఎముక కింద, చేయి సన్నబడే చోట చుట్టుకునే పట్టీ వేరే ఉండాలి. దుకాణంలోనే గ్లౌజు వేసుకుని పట్టీ బిగించి, వేళ్ళ కొసలు పట్టుకుని పక్కవాళ్ళను గట్టిగా లాగమంటే సరి. అది ఊడి వస్తే అక్కడే వదిలేసి రావాలి.

ప్రమాణాలు, చట్టం

మోటార్‌సైకిల్ గ్లౌజులకు యూరప్‌లో ఈఎన్ 13594 అనే ప్రమాణం ఉంది. 2002లో వృత్తిరీత్యా బండి నడిపేవారి కోసం వచ్చిన దీన్ని 2015లో అందరికీ వర్తించేలా తిరగరాశారు. 2018 ఏప్రిల్ నుంచి అమలైన రక్షణ సామగ్రి నిబంధన కింద అక్కడ అమ్మే రైడింగ్ గ్లౌజులకు ఈ తరహా పరీక్ష తప్పనిసరి అయింది. ఇందులో రెండు స్థాయిలు. తిరిగే రాపిడి పట్టీ మీద అరచేతి తోలును ఆనించినప్పుడు చిల్లు పడటానికి ఒకటో స్థాయిలో కనీసం 4 సెకన్లు, రెండో స్థాయిలో 8 సెకన్లు పట్టాలి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో రోడరిక్ వుడ్స్ రూపొందించిన యంత్రం నుంచి వచ్చిన పద్ధతి ఇది. యంత్రం మీద సెకన్లు, రోడ్డు మీద సెకన్లు ఒకటి కావు. రెండు గ్లౌజులను పోల్చడానికే ఆ అంకె. కఫ్ మణికట్టు దాటి ఒకటో స్థాయిలో 15 మిల్లీమీటర్లు, రెండో దానిలో 50 మిల్లీమీటర్లు ఉండాలి. పిడికిలి రక్షణను 5 జౌళ్ళ దెబ్బతో పరీక్షిస్తారు. లోపలికి చేరే బలం ఒకటో స్థాయిలో సగటున 7 కిలోన్యూటన్లు, రెండో స్థాయిలో 4 మించకూడదు. కుట్ల బలం, చిరుగుడు, పట్టీ నిలకడ కూడా పరీక్షిస్తారు.

లోపలి లేబుల్ మీద బండి మీద కూర్చున్న మనిషి బొమ్మ, దాని కింద 1 లేదా 2, పక్కన కేపీ అన్న అక్షరాలు ఉంటాయి. కేపీ అంటే పిడికిలి రక్షణ పరీక్ష నెగ్గిందని. ఒకటో స్థాయిలో అది ఐచ్ఛికం, రెండో స్థాయిలో తప్పనిసరి. ఉత్త సీఈ గుర్తు చూసి సంబరపడకూడదు. ఫ్యాక్టరీ గ్లౌజులకు వాడే ఈఎన్ 388 సంఖ్యతో ఉన్నవాటిని కూడా రైడింగ్ గ్లౌజులుగా అమ్ముతుంటారు. దాని గుర్తు సుత్తి బొమ్మ. యంత్రాల దగ్గర పనికి అది సరైనదే, రోడ్డుకు కాదు.

బెల్జియంలో 2011 నుంచి, ఫ్రాన్స్‌లో 2016 నవంబరు 20 నుంచి మోటార్‌సైకిల్ నడిపేవారు గ్లౌజులు వేసుకోవడం చట్టరీత్యా తప్పనిసరి. ఫ్రాన్స్‌లో వెనక కూర్చున్నవారికీ అదే నియమం. మన మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను హెల్మెట్‌నే అడుగుతుంది, చేతుల ఊసెత్తదు.

ఎండ, వాన, చలి

తెలుగు రాష్ట్రాల్లో గ్లౌజులకు మొదటి శత్రువు మే నెల. 43 డిగ్రీల ఎండలో రామగుండంలోనో రెంటచింతలలోనో నల్లటి మందపాటి గ్లౌజు ఎవరూ వేసుకోరు. వేసుకోని గ్లౌజుకు ఏ స్థాయి ముద్ర ఉన్నా ఒకటే. శరీరంలో చెమట గ్రంథులు అత్యంత దట్టంగా ఉండే చోట్లలో అరచేయి ఒకటి. ఆ చెమట ఉప్పు తోలులో పేరుకుని, టానరీలో పట్టించిన నూనెలను తరిమి, ఆరాక తోలును అట్టలా చేస్తుంది. ఇక్కడ గ్లౌజులు ఎక్కువగా చచ్చేది రోడ్డు వల్ల కాదు, ఇలాగే. అందుకని చేతి పైభాగం, వేళ్ళ పక్కలు సన్నని చిల్లులతో, అరచేయి మాత్రం చిల్లుల్లేని రెండు పొరలతో ఉన్న మేక తోలు గ్లౌజు మన వాతావరణానికి తగినది. పైన మెష్ బట్ట, కింద తోలు ఉన్నవి ఇంకా చల్లగా ఉంటాయి. వాటిలో చిటికెన వేలి పక్క, పిడికిలి కొసలు తోలుతో కప్పి ఉన్నాయో లేదో చూసుకోవాలి. లోపల పల్చని నూలు తొడుగులు వేసుకుని వాటిని రోజూ ఉతుక్కోవడం పాత పద్ధతే గానీ, తోలు ఆయుష్షును నిజంగా పెంచుతుంది.

వానకు తోలు సరిపడదు. లోపల గోర్‌టెక్స్ లాంటి పొర ఉన్నవి నీటిని ఆపుతాయి, ఎండాకాలం మాత్రం వాటిని భరించలేం. చవక రంగు తోలు మొదటి వానకే చేతులను నల్లగా మారుస్తుంది. తెల్ల గుడ్డను తడిపి గ్లౌజు లోపల రుద్దితే కొనేముందే ఈ సంగతి తేలుతుంది. ఎడమ చూపుడు వేలి మీద కొన్ని గ్లౌజులకు సన్నని రబ్బరు అంచు ఉంటుంది. హెల్మెట్ అద్దం మీది నీళ్ళు తుడుచుకోవడానికి. కుడిచేయి యాక్సిలరేటర్ వదలలేదు కాబట్టి ఆ సౌకర్యం ఎడమ వైపే. చలికి లోపల దళసరి అస్తరు ఉన్నవి లంబసింగి, అరకు శీతకాలపు తెల్లవారుజాముల్లో సుఖంగా ఉంటాయి. హైదరాబాదులో ఏడాదంతా వాడటానికి కొంటే అల్మారాకే పరిమితమవుతాయి.

కొలత

గ్లౌజుల సైజులకు శాస్త్రీయమైన లెక్కను ఏర్పరిచినవాడు ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ నగరవాసి గ్జేవియర్ జువాన్. 1834లో అతని పద్ధతికి పేటెంటు వచ్చింది. బొటనవేలు మినహా పిడికిలి గెణుపుల చుట్టూ టేపు చుడితే వచ్చేది చుట్టుకొలత. యూరప్ లెక్కలో 8వ సైజంటే 203 మిల్లీమీటర్లు, 9 అంటే 229, 10 అంటే 254. ఎస్, ఎమ్, ఎల్ అక్షరాలు మాత్రం కంపెనీకో తీరు. ఏ చేత్తో రాస్తే ఆ చేయి కాస్త పెద్దది కావడం సహజం, కొలవాల్సింది దాన్నే.

తోలు వెడల్పులో కొంత సాగుతుంది, పొడవులో దాదాపు సాగదు. అందుకే కొత్త గ్లౌజు అరచేతి దగ్గర కొంచెం బిగువుగా ఉన్నా ఫరవాలేదు. వేలి కొసలు తగులుతూ ఉంటే మాత్రం వద్దు. చేయి చాచి చూసుకోవడం వల్ల తెలిసేది తక్కువ. హ్యాండిల్ పట్టుకుని, లివర్ల మీద రెండేసి వేళ్ళు పెట్టి, మణికట్టును కిందికీ పైకీ వంచి చూడాలి. అరచేతిలో తోలు ముద్దగా మడతపడితే అరగంట ప్రయాణంలో అక్కడ బొబ్బ ఖాయం. ముందే వంచి కుట్టిన వేళ్ళున్న గ్లౌజులో ఈ మడత తక్కువ.

తయారీ కేంద్రాలు

ఇటలీలోని అసోలోలో 1963లో మొదలైన ఆల్పైన్‌స్టార్స్, ఇటలీలోనే 1972లో మొదలైన డైనీస్, జర్మనీకి చెందిన హెల్డ్ ఈ రంగంలో పేరున్నవి. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ ప్రపంచంలో రైడింగ్ గ్లౌజులు కుట్టే పెద్ద కేంద్రాల్లో ఒకటి. మన దేశంలో కోల్‌కతా, ముఖ్యంగా బంతాలా లెదర్ కాంప్లెక్స్, పారిశ్రామిక తోలు గ్లౌజుల ఎగుమతికి ప్రసిద్ధి. తోలు మాత్రం తమిళనాడులోని ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట టానరీల నుంచి కూడా పెద్ద ఎత్తున వస్తుంది. చెన్నైలో 1948లో ఏర్పడిన కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ ఈ పరిశ్రమకు శాస్త్రీయ అండ. నాణ్యమైన తోలుకు పేరుపడిన ఇంగ్లండ్‌లోని పిట్టార్డ్స్ టానరీ 1826 నుంచి నడిచి 2023లో మూతపడింది. రైనాక్స్, రైడా, వియాటెర్రా, రాయల్ ఎన్‌ఫీల్డ్ లాంటి భారతీయ పేర్లతో ప్రమాణ ముద్ర ఉన్న గ్లౌజులు ఇప్పుడు మన నగరాల్లోనే దొరుకుతున్నాయి.

సంరక్షణ, మరమ్మతు

తడిసిన గ్లౌజును ఇంజను మీద, హీటరు దగ్గర, ఎర్రటి ఎండలో ఆరబెడితే తోలు ముడుచుకుని గట్టిపడుతుంది. చేతికి వేసుకుని ఆకారం సరిచేసి, తర్వాత తీసి, కఫ్ విప్పార్చి, ఫ్యాన్ గాలికి నీడలో ఆరనివ్వాలి. చెమట ఉప్పు పోవడానికి తడి గుడ్డతో, గ్లిజరిన్ సబ్బు నురగతో తుడిచి, పూర్తిగా ఆరాక రంగులేని తోలు క్రీము పల్చగా రాయాలి. కొబ్బరి నూనె చాలా ఇళ్ళలో చేసే చిట్కా. అది చల్లబడితే గడ్డకడుతుంది, దుమ్మును పట్టుకుంటుంది, కుట్లను జిడ్డు చేస్తుంది. వానాకాలంలో ప్లాస్టిక్ సంచిలో బిగించి దాస్తే బూజు తప్పదు. పట్టినా పైపైన ఉంటే పొడి గుడ్డతో తుడిచి గాలికి పెడితే పోతుంది.

పడిన తర్వాత గ్లౌజు పైకి బాగున్నట్టే ఉండవచ్చు. లోపలికి వేలు పెట్టి కుట్ల వెంట తడిమి, దీపం వెలుగుకు పట్టుకుని చూస్తే సాగిన సూది రంధ్రాలు చుక్కల్లా కనిపిస్తాయి. పై పొర అరిగి లోపలి నార బయటపడ్డా, రంధ్రాలు సాగినా ఆ జతను బండి మీద వాడకూడదు. వెల్క్రో అరిగిపోవడం, కఫ్ అంచు ఊడటం చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర సులువుగా బాగవుతాయి. అరచేతి కుట్టు అలా కాదు. పాత రంధ్రాల్లోంచే సూది పోనిచ్చి, పూత ఉన్న నైలాన్ లేదా పాలిస్టర్ దారంతో లోపలి వైపు నుంచి కుట్టాలి. పైనుంచి కొత్త రంధ్రాలు పొడిచి నూలు దారంతో కుడితే, ఊడిన కుట్టు పక్కనే చిరగడానికి సిద్ధంగా ఇంకో గీత తయారవుతుంది.